మనాలి నుంచి అటల్ టన్నెల్ దాటాలంటే

మనాలి వెళ్లేవాళ్లు ముందు ఇది చూసుకోండి, రోహ్‌తంగ్ పాస్ (కొండ కనుమ) పైకెక్కాలంటే పర్మిట్ కావాలి కానీ కిందనున్న అటల్ టన్నెల్‌కి అక్కర్లేదు, లేహ్‌కి దూరం కూడా 46 కిలోమీటర్లు తగ్గుతుంది. పొద్దున్నే బయల్దేరండి, లేటైతే టన్నెల్‌కి ముందొచ్చే సోలంగ్ దగ్గరే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతారు. లోపల 9.02 కిలోమీటర్లు, ఎదురు బండ్లూ అదే ట్యూబులో వస్తాయి కాబట్టి హెడ్‌లైట్ వేసుకుని లేన్‌లోనే పోండి, ఓవర్‌టేక్ వద్దు. రీల్స్ కోసం మధ్యలో ఆపడం శుద్ధ తెలివితక్కువ పని, కెమెరాలున్నాయి, ఫైన్ పడుద్ది. బండి ఆగిపోతే హజార్డ్ లైట్లు వేసి గోడకున్న ఎమర్జెన్సీ ఫోన్ ఎత్తండి, ప్రతి 150 మీటర్లకీ ఒకటుంది. ఫొటోలు టన్నెల్ దాటాక వచ్చే సిస్సు ఊళ్లో తీసుకోవచ్చు. లేహ్ దాకా పోయేవాళ్లయితే తాండీలో ట్యాంక్ ఫుల్ చేయించండి, తర్వాత బంకులు చాలా దూరం.