నాయకులకు కథ చెప్పే విద్య - 3వ పాఠం: ఒక మనిషి, ఒక ఊరు, ఒక రోజు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ టీమ్‌లో తేవాలనుకుంటున్న మార్పుకు పనికొచ్చే సంఘటన ఒకటి పది వాక్యాల్లో రాయమన్నాను. ఇప్పుడు ఆ కాగితం తీయండి. అందులో ఒక మనిషి కనిపిస్తున్నాడా? ఊరు? తారీకు? "కస్టమర్లు ఇబ్బంది పడుతున్నారు", "ప్రాసెస్ స్లోగా ఉంది" లాంటి మాటలే ఉంటే మీరు రాసింది రిపోర్టు. రిపోర్టు విని తలూపుతారు, అంతే.

ఈ పాఠానికి ప్రపంచ బ్యాంకులో జరిగిన సంగతి చెబుతాను. 1996లో స్టీఫెన్ డెన్నింగ్ అనే అధికారి చేతిలోంచి ఆఫ్రికా విభాగం బాధ్యత జారిపోయింది. "సమాచారం సంగతి చూడండి" అన్నారు పైవాళ్లు. మన ఆఫీసుల్లో అయితే లూప్‌లైన్‌లో వేశారంటాం. అక్కడ కూచుని చూస్తే ఆయనకు ఒకటి తట్టింది. అప్పులివ్వడమే పనిగా ఉన్న ఈ సంస్థ దగ్గర బోలెడంత అనుభవం ఉంది, కానీ అది కావాల్సినవాడికి దొరకదు. చార్టులు వేసి చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు ఈ చిన్న ముక్క చెప్పడం మొదలుపెట్టాడు:

1995 జూన్‌లో జాంబియాలోని కమానా అనే చిన్న ఊళ్లో ఒక ఆరోగ్య కార్యకర్తకు మలేరియా చికిత్స గురించి సందేహం వచ్చింది. ఇంటర్నెట్‌లో అట్లాంటాలోని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వెబ్‌సైట్ తెరిచాడు. జవాబు దొరికింది.

కథ ఇంతే. ఆ తర్వాత డెన్నింగ్ అన్నదాని సారాంశం ఇది: ఈ కథలో మనం, అంటే ప్రపంచ బ్యాంకు, ఎక్కడా లేము. పేదరికం మీద ఇంత అనుభవం ఉండి కూడా లేము. ఉండి ఉంటే?

1996 అక్టోబరులో బ్యాంకు వార్షిక సమావేశాల్లో అధ్యక్షుడు జేమ్స్ వుల్ఫెన్సన్ తమ సంస్థను "జ్ఞాన బ్యాంకు"గా మారుస్తామని ప్రకటించాడు. అంతా ఒక్క కథ మహిమే అనను, పెద్ద సంస్థలు అంత తేలిగ్గా కదలవు. కానీ చార్టులు తెరవలేని తలుపు ఈ కథ తెరిచింది.

ఇప్పుడు అందులో ఏం లేదో చూడండి. కార్యకర్త పేరు లేదు. ఎండ లేదు, చెమట లేదు, జ్వరంతో మూలిగే పిల్లవాడు లేడు. నవలలో అయితే ఇవన్నీ ఉండాలి. ఇక్కడ ఉంటే వినేవాడి మనసు కమానాలోనే ఉండిపోతుంది. మనకు కావలసింది అతను తన డిపార్ట్‌మెంట్‌కు తిరిగి రావడం. ఊరు, నెల ఉన్నాయి కాబట్టి నమ్ముతాడు. మిగతాది ఖాళీగా ఉంది కాబట్టి అందులో తన సంగతి నింపుకుంటాడు.

మనవాళ్లం బోల్తా పడేది ఇక్కడే. హరికథల మీద పెరిగిన జాతి కదా, పిట్టకథ మొదలుపెడితే ఆపలేం. దాసుగారైతే ఎంత దూరం పోయినా అసలు కథలోకి తిరిగొస్తారు. మీటింగ్‌లో మనకు అంత టైమ్ ఇవ్వరు.

రెండో ప్రమాదం, కథ జారిపోయి అంకె మిగలడం. వానలో ఒకే స్కూటర్ మీద వెళ్తున్న కుటుంబాన్ని చూసి తనకు నానో ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పేవారు. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ఆ కారు చూపించేనాటికి జనం నోట నానింది లక్ష రూపాయల ధర. స్కూటర్ కుటుంబం పక్కకు పోయి "అన్నిటికన్నా చవక కారు" అన్న ముద్ర పడింది. ఆ ముద్ర దెబ్బతీసిందని తర్వాత టాటాయే ఒప్పుకున్నారు. చవక కారు కొన్నామని ఎవరు గొప్పగా చెప్పుకుంటారు?

ఇక మన పని. మీది వ్యవసాయ పంపుల కంపెనీ అనుకుందాం. "సర్వీస్ మెరుగుపడాలి" అనకుండా ఇలా చెప్పి చూడండి: "ఆగస్టు 12న జనగామ దగ్గర ఒక రైతు పంపు ఆగిపోయింది. మనకు మూడుసార్లు ఫోన్ చేశాడు. చివరికి ఊళ్లో మెకానిక్ యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి గంటలో బాగుచేశాడు. ఆ వీడియో మనది కాదు."

ఇక్కడ ఆగండి. మూడు సెకన్లు నోరు మూసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. మొదటిసారి ఇలాంటి కథ చెప్పినప్పుడు నేను ఆగలేక, "కాబట్టి దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటంటే" అంటూ నాలుగు స్లైడ్లు వేశాను. అప్పటిదాకా ముందుకు వంగి వింటున్నవాళ్లు ఒక్కొక్కరే ఫోన్లు తీశారు.

పై పంపు కథ నేను కల్పించింది. మీరు మాత్రం నిజంగా జరిగిందే చెప్పాలి. కల్పిస్తే ఆ బ్రాంచ్‌వాడు గదిలోనే ఉంటాడు, టీ టైమ్‌కల్లా అందరికీ తెలిసిపోతుంది.

వచ్చేవారంలోగా మీ పది వాక్యాలను అయిదుకు కుదించండి. ఇంకో విభాగంలో పనిచేసే స్నేహితుడికి ఒక్క నిమిషంలో, కాగితం చూడకుండా చెప్పండి. "ఎలా ఉంది?" అని అడగొద్దు. "నీకేం గుర్తొచ్చింది?" అని అడగండి. "మా దగ్గరా మొన్న ఇలాగే..." అని అతను మొదలుపెడితే నాలుగో పాఠానికి రండి. "బాగా చెప్పావురా" అంటే మళ్లీ రాయండి.