కుక్కకు ఇంట్లో బొచ్చు కత్తిరించే ముందు జాగ్రత్తలు

ముందు జాతి చూసుకోండి. షిట్జు, లాసా, పూడిల్ లాంటివాటికి బొచ్చు పెరుగుతూనే ఉంటుంది, కత్తిరించక తప్పదు. పొమేరియన్, హస్కీలకు ఉండేది రెండు పొరల బొచ్చు. ఎండాకాలమని జాలిపడి గొరిగేస్తే అది మళ్లీ సరిగా పెరగకపోవచ్చు, చర్మం ఎండకు కమిలిపోతుంది కూడా. వాటికి దువ్వెన చాలు.

• స్నానానికి ముందే చిక్కులు తీయాలి. తడిస్తే ముడి ఇంకా బిగుసుకుంటుంది. చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద వేళ్లతో తడిమి చూడండి. చర్మానికి అంటుకున్న ముడి జోలికి కత్తెరతో వెళ్లవద్దు. ముడిని లాగితే చర్మమూ దాంతోపాటు పైకి లేస్తుంది, తెగేది అదే.

• స్నానం తర్వాత బొచ్చు మొదళ్ల దాకా ఆరాలి.

• బొచ్చు కత్తిరించే మిషన్‌కు (క్లిప్పర్) తగిలించే బ్లేడు నంబరు పెరిగేకొద్దీ మిగిలే బొచ్చు తగ్గుతుంది. 10 నంబరు మిగిల్చేది సుమారు 1.5 మిల్లీమీటర్లే. అయినా పొట్ట కింద, గజ్జల్లో అదే క్షేమం. పళ్ల మధ్య ఖాళీ ఎక్కువున్న బ్లేడ్లలో పలుచని చర్మపు మడతలు ఇరుక్కుంటాయి.

• నూనె చుక్క వేశారా? వేసినా నడిచేకొద్దీ బ్లేడు వేడెక్కుతుంది. కొద్ది నిమిషాలకోసారి మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దానికీ అంతే.

• మిషన్ శబ్దం రెండు మూడు రోజుల ముందునుంచే అలవాటు చేయండి. మా షిట్జు మొదటిరోజు మంచం కిందికి దూరి సాయంత్రం దాకా రాలేదు. తప్పు మాదే.

• నేల జారకుండా రబ్బరు చాప, తల నిమురుతూ పట్టుకోవడానికి ఇంకొకరు.

• పుండ్లు, దద్దుర్లు కనిపిస్తే ఆ రోజుకు మిషన్ పక్కన పెట్టి పశువైద్యుడికి చూపించండి.