గాబ్లిన్లకు గుణం రాసేటప్పుడు

పర్లాకిమిడిలో మా మేడ మీద ఆదివారాలు ఐదుగురు పిల్లలకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తాను. పిల్లలు తలా ఒక పాత్ర అవుతారు, కథ నేను నడుపుతాను, పాచికలు వేసి ఆడే ఆట. వాళ్లలో ఇద్దరు పాతపట్నం నుంచి మహేంద్రతనయ దాటి వస్తారు. కొత్తగా ఆట నడపబోయేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: గాబ్లిన్లనే పొట్టి భూతాల్లాంటి జాతుల్లో దేనికి ఏ అలైన్‌మెంట్, అంటే ఏ గుణం, రాయాలి?

జాతికి రాయకండి. 1974లో ఆట మొదలైనప్పుడు ఉన్నవి మూడే: లా (నియమం), న్యూట్రాలిటీ (తటస్థం), కేయాస్ (అరాచకం). తర్వాత మంచిచెడులు కూడా చేరి, 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే నియమాల పుస్తకంలో తొమ్మిది గళ్లయ్యాయి. 2008లో ఐదుకు కుదించారు, 2014లో మళ్లీ తొమ్మిది చేశారు. రాసినవాళ్లే ఇన్నిసార్లు దిద్దుకున్న పట్టికను మనం శిలాశాసనంలా పట్టుకోవడం దేనికి?

నియమానికి కట్టుబడటం వేరు, మంచితనం వేరు. ఇక్కడ నేను బలి చక్రవర్తిని పిలుస్తాను. శుక్రాచార్యుడు వద్దన్నా మాట తప్పలేదు కాబట్టి లాఫుల్. మంచివాడా అంటే, దాని మీద మా పిల్లలు ఒక పూటంతా వాదించుకున్నారు. ఆట సాగలేదు, నేనూ ఆపలేదు.

పాత్రకు రెండు వాక్యాలు రాయించండి. ఎవరూ చూడకపోయినా చేయని పని ఏమిటి? ఎవరి కోసం ఆ నియమం తప్పుతాడు? గడి పేరు మూడు ఆటలయ్యాక, అదీ పెన్సిలుతో.

జాతి సంగతికి వస్తే, సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు ఉద్యోగం చేసింది ఈ ఊళ్లోనే. ఆ పద్ధతిలోనే నేను గాబ్లిన్లకు ముందుగా ఒక భాష కల్పించాను. వాళ్ల భాషలో 'స్నేహితుడు'కూ 'బాకీదారు'కూ ఒకటే మాట. మిగతాదంతా దానిలోంచే వచ్చింది.

ఒక ఆటలో, రేవు దగ్గర గాబ్లిన్లు మనిషికి గుప్పెడు ఉప్పు సుంకం అడిగారు. పాలడిన్‌గా, అంటే ధర్మానికి ప్రమాణం చేసిన యోధురాలిగా, ఆడే మా మేనకోడలు, "దొంగలు!" అంటూ కత్తి దూసింది. ఒక గాబ్లిన్ ముసలమ్మ తాటాకుల కట్ట విప్పింది. వరదలో గాబ్లిన్లు తాడు వేసి ఒడ్డుకు లాగిన మనుషుల పేర్లు, ఎదురుగా వాళ్లు చెల్లించిన ఉప్పు లెక్క. ఒక్క పేరు ఎదుట ఖాళీ. అది పాలడిన్ గురువుగారి పేరు.

మేనకోడలు పాచికలు పక్కన పెట్టింది. చాలాసేపటికి అడిగింది: "మావయ్యా, గురువుగారి బాకీ నేను తీర్చవచ్చా?"