కొత్త లెక్చరర్‌కు సీనియర్ తోడు: జోడీ ఎట్లా కుదర్చాలి, ఎక్కడ చెడుతుంది

వరంగల్‌లో ఏ యూనివర్సిటీ విభాగంలోనైనా కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ముందు అందేది టైంటేబుల్. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం వారానికి 16 గంటల బోధన. ఇండక్షన్ శిక్షణ ఉంటుంది కానీ, దాని పిలుపు వచ్చేలోపే ఒక సెమిస్టర్ గడిచిపోవచ్చు. ఆ సెమిస్టర్‌కు ఆసరా సీనియర్‌తో జోడీ.

ఆ సీనియర్‌గా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) మాత్రం వద్దు. సెలవు చీటీ మీద సంతకం పెట్టే మనిషితో "ఈ యూనిట్ నాకే సరిగ్గ తెల్వదు సార్" అని ఎవరూ అనరు. అదే స్పెషలైజేషన్ వాళ్లూ వద్దు. మాట పాఠం మీది నుంచి రీసెర్చి పేపర్ల మీదికి, అక్కడి నుంచి పేపర్లో ఎవరి పేరు ముందుండాలనే దాకా పోతుంది. కెమిస్ట్రీలో చేరిన మేడంకు బాటనీ సీనియర్ మేడం అయితే చూసేది చెప్పే తీరునే. ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న కాంట్రాక్ట్ లెక్చరర్లకు పిల్లల సంగతి అందరికన్నా బాగా తెలుసు. వాళ్లను ఈ పనికి పిలవడానికి మొహమాటం దేనికో!

ఇద్దరికీ వారంలో ఒక ఉమ్మడి ఖాళీ పీరియడ్‌ను టైంటేబుల్ వేసేటప్పుడే రాయించాలి. తర్వాత చూద్దామంటే ఇక కుదరదు.

మొదటి మూడు వారాలు కొత్తవాళ్లే సీనియర్ క్లాసుకు పోవాలి. ముందే సీనియర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటే అది తనిఖీ అయిపోతుంది. సీనియర్ క్లాసులో గమనించాల్సినవి రెండే. ఒకటి, ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారు. చాలామంది ఒక సెకను మించి ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపారు. రెండోది, భాష మార్చడం. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చే పిల్లలుంటారు. మాటను ఇంగ్లిష్‌లో బోర్డు మీద రాసి, తెలుగులో విడమరిచి, పరీక్షలో రాయాల్సిన వాక్యాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లో చెప్పడం ఒక నేర్పు. చూస్తేనే పట్టుబడుతుంది.

నాలుగు, ఎనిమిది, పన్నెండో వారాల్లో సీనియర్ రావాలి. మేడారం జాతర ఏడాదైతే ఆ వారం తప్పించండి, సగం క్లాసు ఉండదు. ముందురోజు పది నిమిషాలు కూర్చుని, ఏం చూడాలో కొత్తవాళ్లే చెప్పాలి. క్లాసులో సీనియర్ నోరు విప్పకూడదు, పాఠంలో తప్పు దొర్లినా సరే. పిల్లల ముందు సరిదిద్దితే ఆ సెమిస్టరంతా వాళ్ల చూపు మారిపోతుంది. ల్యాబులో ప్రమాదం కనిపిస్తే మాత్రం ఆగొద్దు.

మరుసటి రోజు దాటకుండా ఇరవై నిమిషాలు మాట్లాడుకోవాలి. స్టాఫ్ రూమ్‌లో వద్దు, అక్కడ నాలుగు చెవులుంటాయి. ముందు కొత్తవాళ్లు చెప్పాలి. సీనియర్ "బాగుంది" అనడంతో ఒరిగేదేమీ లేదు. "10:20కి వెనక రెండు వరుసల్లో నోట్స్ రాయడం ఆగింది" అంటే పనికొస్తుంది. ఒక్కసారికి ఒక్క మార్పే అడగాలి. రాసిన కాగితం కొత్తవాళ్ల దగ్గరే ఉండాలి. అది ప్రమోషన్ ఫైల్లోకి పోతుందన్న అనుమానం వస్తే మరుసటి క్లాసు నాటకమే.

మొదటి ఇంటర్నల్ పేపర్‌ను గడియారం పెట్టుకుని కొత్తవాళ్లే రాసి చూడాలి. వాళ్లకు 20 నిమిషాలు పడితే పిల్లలకు గంట పడుతుందని లెక్క. తర్వాత ఐదు జవాబు పత్రాలను ఇద్దరూ విడివిడిగా, మార్కులు వేరే కాగితం మీద వేస్తూ దిద్దాలి. పది మార్కుల ప్రశ్నలో రెండుకు మించి తేడా వస్తే దోషం పిల్లలది కాదు, జవాబుల కీ మళ్లీ రాయాలి.

జోడీలు ఎక్కువగా చెడేది చాకిరీ దగ్గర. సీనియర్ తన ఇన్విజిలేషన్, న్యాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు జూనియర్ మీదికి నెడతారు, జూనియర్ కాదనలేరు. అందుకే ఇద్దరూ ఒకరి డ్యూటీ ఒకరు చేయకూడదని హెచ్‌ఓడీ మొదటి రోజే ఇద్దరికీ చెప్పాలి. జోడీ ఎట్లా నడుస్తుందో ఐదో వారంలో ఇద్దరినీ విడివిడిగా ఒకసారి అడగాలి. ఎవరైనా మార్చమంటే కారణం అడగకుండా మార్చేయాలి.