హేతువు అడిగినవారికి జవాబు చెప్పడం ఎలా

బైబిలులోని మొదటి పేతురు పత్రిక మూడో అధ్యాయం పదిహేనో వచనాన్ని మన క్రైస్తవ సంఘాల్లో చాలామంది కంఠతా చెప్పగలరు గానీ, అందులోని షరతులను గమనించేవారు తక్కువ. "హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను" మీలోని నిరీక్షణ గురించి సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు పేతురు. అంటే అడిగినవారికే చెప్పాలి, అడిగినదానికే చెప్పాలి, గొంతు పెంచకుండా చెప్పాలి. హేతువు అడగడం హేతువాదుల సొత్తు అనుకునే విశ్వాసులు ఈ వచనాన్ని ఇంకోసారి చదువుకోవడం మంచిది. ఒంగోలు, కందుకూరు, కావలి ప్రాంతాల యౌవనస్థుల కూటాల్లో మన విశ్వాసం గురించి పిల్లలు తెచ్చే ప్రశ్నలు ఏటా దాదాపు అవే కాబట్టి, వాటిలో ముఖ్యమైనవాటికి ఎలా జవాబు చెప్పవచ్చో, ఎక్కడ ఆగిపోవాలో రాస్తున్నాను.

ముందుగా చేయకూడని పని ఒకటి చెప్పాలి, ఎందుకంటే అది నేను చేశాను. డిగ్రీ చదివే రోజుల్లో మా ఊరి టీ బంకు దగ్గర రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన, యెహోషువ గ్రంథంలో సూర్యుడు నిలిచిపోయిన సంగతి ఎత్తారు. నాసా కంప్యూటర్లు లెక్క కడితే కాలంలో ఒక రోజు తక్కువ వచ్చిందని, అది బైబిలు చెప్పిన రోజేనని ఒక కరపత్రంలో చదివినదాన్ని నేను గొప్పగా అప్పజెప్పాను. ఆయన గ్లాసు బల్లమీద పెట్టి, "అబ్బాయ్, నీ చేతిగడియారం నిన్న ఒక గంట ఆగి మళ్ళీ నడిచిందనుకో. పక్కన ఇంకో గడియారం లేకుండా అది ఆగిందని ఎట్లా కనుక్కుంటావు?" అని అడిగారు. ఆ రోజుకు ముందు గ్రహాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరైనా రాసిపెట్టి ఉంటే తప్ప తప్పిపోయిన రోజును లెక్కల్లో పట్టుకోవడం కుదరదు. ఆ కథకు అసలు ఆధారమే లేదు. తర్వాత ఏడాదిపాటు నేను పునరుత్థానం గురించి ఏం చెప్పబోయినా ఆయన "ఇది కూడా నాసావాళ్ళే చెప్పారా?" అనేవారు. నోవహు ఓడ దొరికిందని, ఎర్రసముద్రం అడుగున ఫరో రథచక్రాలు బయటపడ్డాయని ఫోనులో వచ్చే సందేశాలు కూడా ఈ కోవలోవే. అలాంటి ఆధారాన్నే వేరే మతంవారు తమ గ్రంథానికి చూపిస్తే మీరు ఒప్పుకుంటారా అని ప్రశ్నించుకుని, ఒప్పుకోననిపిస్తే దాన్ని వాడకండి.

"మీ బైబిలును ఎన్నోసార్లు మార్చేశారు" అన్న ఆక్షేపణ వచ్చినప్పుడు, "ఒక్క పొల్లు కూడా మారలేదు" అని ఎదురు చెప్పడం మనవారికి అలవాటు. అది నిజం కాదు. అడిగినవారి ఉద్దేశం ముందు తెలుసుకోండి: మారింది అనువాదంలోనా, చేతిరాత ప్రతుల్లోనా, రాజులూ మతాధికారులూ కూర్చుని మార్చారంటున్నారా? ప్రతుల సంగతైతే నెల్లూరు సీమవారికి చెప్పడానికి మన దగ్గరే మంచి పోలిక ఉంది. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెనిగించాడు. ఆనాటి మూల తాటాకులు మనకు దక్కలేదు. తరతరాలుగా నకలు రాసినవారి ప్రతులే మిగిలాయి, వాటిలో పాఠాంతరాలూ, అంటే ఒకేచోట ప్రతికొక రకంగా ఉన్న మాటలూ ఉన్నాయి. పండితులు ప్రతులను పక్కపక్కన పరిచి ఏది కవి మాటో, ఏది లేఖకుడి పొరపాటో తేలుస్తారే తప్ప, పాఠాంతరాలున్నాయి కాబట్టి తిక్కన భారతం మనకు అందలేదని ఎవరూ అనరు. ప్రతులు పెరిగేకొద్దీ తేడాలూ ఎక్కువ కనిపిస్తాయి, వాటిని సరిపోల్చి దిద్దుకునే వీలూ పెరుగుతుంది. కొత్త నిబంధనకు గ్రీకు వ్రాతప్రతులే ఐదువేలకు పైగా ఉన్నాయి. ఇంగ్లండులోని మాంచెస్టరులో జాన్ రైలాండ్స్ గ్రంథాలయం భద్రపరచిన యోహాను సువార్త తునక అరచేతిలో ఇమిడిపోతుంది. రెండో శతాబ్దానిదని చాలామంది పండితులు లెక్కగట్టే ఆ పాపిరస్ ముక్కమీద ఉన్నది పిలాతు ఎదుట యేసు విచారణ. మృతసముద్రం పక్కన కుమ్రాను గుహల్లో 1947 ప్రాంతంలో బయటపడిన యెషయా చుట్ట, అంతకుముందు అందుబాటులో ఉన్న హెబ్రీ ప్రతులకంటే సుమారు వెయ్యేళ్ళు పాతది. వాటిని పోల్చినప్పుడు అక్షరదోషాలూ చిన్న మార్పులూ కనిపించాయి గానీ గ్రంథం వేరే గ్రంథం కాలేదు. ఇంత చెప్పాక, మార్కు పదహారో అధ్యాయంలో తొమ్మిదో వచనం నుంచి చివరివరకూ ఉన్న భాగం, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ ఉన్న యోహాను భాగం, అతి పాత ప్రతుల్లో లేవని మీరే ముందు చెప్పండి. ఆ సంగతి అవతలివారు బయటపెట్టేదాకా ఆగితే, మిగతా మాటలన్నీ దాచిపెట్టి చెప్పినట్టు వినిపిస్తాయి.

యేసు అనే మనిషే లేడనేవారికి ఎక్కువ సమయం అక్కర్లేదు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ "క్రీస్తు అనబడిన యేసు" సోదరుడైన యాకోబు చంపబడిన సంగతి రాశాడు. రోమా చరిత్రకారుడు టాసిటస్, రోమా చక్రవర్తి తిబెరి కాలంలో పొంతి పిలాతు చేత క్రీస్తు మరణశిక్ష పొందాడని రెండో శతాబ్దం తొలినాళ్ళలో రాశాడు. జోసీఫస్‌లోనే యేసును పొగిడే మరో భాగం ఉంది. అందులో క్రైస్తవ లేఖకుల చేయి పడిందని పండితులు భావిస్తారు కాబట్టి దాన్ని యథాతథంగా చూపించకండి.

పునరుత్థానం దగ్గర మాత్రం నెమ్మదించాలి. "చనిపోయినవారు లేవరు" అన్నది మనవాళ్ళు కొందరు అనుకున్నట్టు ఈ కాలపు శాస్త్రం కొత్తగా కనిపెట్టింది కాదు. శ్మశానం ఉన్న ప్రతి ఊరికీ తెలిసిన సంగతే. శిష్యులకూ తెలుసు కాబట్టే తోమా నమ్మనన్నాడు. మొదటి కొరింథీ పత్రిక పదిహేనో అధ్యాయాన్ని తెరిచి చూపించండి. యేసు సిలువ మరణానికి పాతికేళ్ళలోపే రాసిన ఆ పత్రికలో పౌలు, తాను ఇతరుల నుంచి అందుకున్న ఉపదేశాన్నే అప్పగించానని చెప్పి, తిరిగి లేచిన యేసును చూసినవారిని పేర్లతో లెక్కపెట్టి, ఐదువందల మందిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు. సువార్తల్లో ఖాళీ సమాధిని మొదట చూసినవారు స్త్రీలు. వారి సాక్ష్యానికి విలువ తక్కువగా ఉన్న సమాజంలో కథ కల్పించేవారు ఆ ఎంపిక చేసుకోరు. ఇవి తొలి శిష్యులు దేన్నో చూశామని నిజంగా నమ్మారనడానికి బలమైన ఆధారాలు. అక్కడినుంచి "దేవుడే లేపాడు" అనే మాటకు వెళ్ళేది విశ్వాసం అని ఒప్పుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. రుజువైపోయింది అని బల్ల గుద్దేవారిని నేను నమ్మను.

మన జిల్లాల్లో వీటన్నిటికంటే ఎక్కువసార్లు, ఎక్కువ ఎగతాళిగా వచ్చే మాట వేరే ఉంది: "మీ తాతలు గంజికోసం మారారు." దీనికి కోపంతో జవాబు చెప్పకుండా ఒంగోలు చరిత్ర చెప్పండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరు చేరారు. పాతికేళ్ళపాటు పనిలో పెద్ద ఫలితం లేక, మిషనును మూసేద్దామనే ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డారు. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, చావుకు దగ్గరైన జనానికి కూలి పని ఇచ్చారు. ఆ పనిలో ఉండగానే వేలమంది బాప్తిస్మం అడిగారు. కూటికోసం వచ్చారన్న మాట పడుతుందని, ఏడాదికి పైగా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. సాయానికి డబ్బు లేదని చెప్పి పంపించినా వెళ్ళని జనానికే చివరికి గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మాలు మొదలయ్యాయి; 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఇచ్చినవారు క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని.

దీనివల్ల ఎవరికీ ఏ ఆశా లేదని రుజువు కాదు. వెట్టిచాకిరీ, అంటరానితనం నుంచి తప్పించుకోవాలన్న కోరిక చాలామందికి ఉండే ఉంటుంది. మనిషిగా చూసేచోటికి మనిషి వెళ్ళడం తప్పెలా అవుతుందని తిరిగి అడగవచ్చు. ఇప్పటి లాభం గురించి అయితే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదని, మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తాడని చెప్పండి. వెంటనే వచ్చే ఎదురు ప్రశ్న నాకు తెలుసు: "మరి ఆదివారం గుడికి వెళ్ళేవారికి హిందూ సర్టిఫికెట్లు ఎందుకున్నాయి?" ఆ ఉత్తర్వు అన్యాయమని మీరు వాదించవచ్చు, నేనూ వాదిస్తాను, కానీ కాగితంమీద ఒకటి, ప్రార్థనలో ఒకటి ఉన్నంతకాలం ఈ ప్రశ్నలో పదును ఉందని ఒప్పుకోక తప్పదు. స్వస్థత సభల్లో మందులు మానిపించడం, దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) పేరుతో పేదలను పీల్చడం గురించి అడిగినప్పుడు కూడా ఇంతే. తప్పును తప్పనండి, అది మన సంఘంలో జరిగినా సరే. పక్కమతంలోనూ ఉంది కదా అనకండి, వారి దేవుళ్ళను వెక్కిరించకండి.

సైన్సు గురించిన తగువులో సగం అనవసరం. విశ్వం ఒక బిందువునుంచి విస్తరించిందన్న ఆలోచనకు ఆద్యుడైన జార్జ్ లెమెత్ర్ కాథలిక్ గురువు. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ సన్యాసి. ఆదికాండం మొదటి అధ్యాయం ఎవరు సృష్టించారో, ఎందుకో చెప్పడానికి రాసినదని చదివేవారు సంఘంలో మొదటినుంచీ ఉన్నారు. తెలియని ప్రకృతి విషయాల్లో లేఖనాన్ని అడ్డం పెట్టి మాట్లాడి నవ్వులపాలు కావద్దని తొలినాటి సంఘ పండితుడు అగస్టీను పదహారు వందల ఏళ్ళ క్రితమే హెచ్చరించాడు. ఆయన మాట మా టీ బంకు రోజుల్లో నా చెవిన పడి ఉంటే బాగుండేది.

చివరిది బాధ గురించిన ప్రశ్న. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళతో వంగిపోయిన నడుములను చూసినవారు, 2004 డిసెంబరు 26 ఆదివారం మన తీరాన్ని సముద్రం ముంచిన సంగతి గుర్తున్నవారు, "దేవుడు మంచివాడైతే ఇదేమిటి?" అని అడుగుతారు. ఇది వాదనగా వచ్చిందా, గాయంనుంచి వచ్చిందా అన్నది మొదట పసిగట్టాలి. వాదనైతే, వారి పాపమే కారణమన్న జవాబును యేసే తోసిపుచ్చాడని చెప్పండి: యోహాను తొమ్మిదిలో పుట్టుగుడ్డి విషయంలోనూ, లూకా పదమూడులో సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమంది విషయంలోనూ. ఫ్లోరైడు భూగర్భజలంలో ఉంటుంది, దానికి మందు మంచినీటి పథకం. దేవుడి చిత్తం అని చెప్పి ఆ పథకాన్ని అడగకుండా ఊరుకోవడం భక్తి కాదు. దేవుడు బాధను ఎందుకు అనుమతించాడన్న ప్రశ్నకు బైబిలు పూర్తి వివరణ ఇవ్వదు, ఆయన తానే సిలువమీద అందులోకి దిగాడని చెబుతుంది.

గాయంనుంచి వచ్చిన ప్రశ్నైతే వీటిలో ఏదీ ఆ రోజు చెప్పకండి. బైబిలులో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నంతవరకూ సరిగ్గానే ఉన్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇంటికి వెళ్ళినప్పుడు బైబిలు సంచిలోనే ఉంచండి, వంట జరగని ఇల్లయితే అన్నం పట్టుకెళ్ళండి. నెల తిరిగాక ఆమె అదే ప్రశ్న మళ్ళీ అడిగితే, యోహాను తొమ్మిది తెరవడానికి ముందు ఆ బిడ్డ గురించి అడిగి, ఆమె చెప్పినంతసేపూ వినండి.