కొబ్బరి పొట్టుతో కడుగు నీళ్ళలోని రాగిని ఎలా పట్టాలి?

బుడితి ఇత్తడి సామాను తెలియనోళ్ళు శ్రీకాకుళంలో ఉండరు కదా. ఇత్తడంటే రాగీ జింకూ కలిపిందే, అందుకే ఏ ఊళ్ళోనైనా ఇత్తడిని యాసిడ్‌తో మెరుగుపెట్టి కడిగితే ఆ రెండూ కొంత నీళ్ళలోకి దిగిపోతాయి. చిన్న షెడ్డువాళ్ళు ఈ నీళ్ళకి లక్షలు పోసి మిషన్ కొనలేరు. మరి మన జిల్లాలోనే కొబ్బరికి పేరున్న ఉద్దానంలో పీచు తీశాక మిగిలిపోయే కొబ్బరి పొట్టు ఉంది కదా, అదే ఈ పని చేస్తాది. ఇది తాగేనీళ్ళ ఫిల్టర్ మాత్రం కాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ముందు పొట్టు సంగతి. జల్లెడ పట్టి పీచు, రాళ్ళు తీసేసి నీళ్ళలో నానబెట్టి పిండితే టీ డికాషన్‌లా ఎర్రటి నీరు వస్తాది, అది పోయేదాకా నాలుగైదుసార్లు మార్చి కడగాలి, లేపోతే ఆ రంగూ ఉప్పూ మీ నీళ్ళలోకే వచ్చేస్తాయి. తర్వాత ఎండలో కరకరలాడేలా ఆరబెట్టండి.

ఇప్పుడు అసలు పని, సీసా పరీక్ష. చాలామంది ఇది మానేసి గుప్పెళ్ళతో పోసేస్తారు, అక్కడే బోల్తా. ఎరువుల షాపులో దొరికే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 4 గ్రాములు లీటరు నీళ్ళలో కరిగించి, అందులో 100 మిల్లీలీటర్లు తీసి మళ్ళీ లీటరు చేస్తే, లీటరుకి 100 మిల్లీగ్రాముల రాగి ఉన్న నీళ్ళు తయారు. నాలుగు సీసాల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. ఒకదాన్ని ఉత్తినే ఒగ్గేసి, మిగతా వాటిలో 1, 2, 4 గ్రాముల పొట్టు వేసి రెండు గంటలపాటు అప్పుడప్పుడూ కుదుపుతూ ఉండండి. వడకట్టి, గాలి ఆడేచోట కొద్దిగా అమ్మోనియా కలిపి, సీసా కింద తెల్లకాగితం పెట్టి పైనుంచి చూడండి. పొట్టు వెయ్యని దాంట్లో నీలం తెలుస్తాది, మిగతావి ఎంత వెలిశాయో చూస్తే డోసు ఎంతో మీకే అర్థమైపోద్ది. రంగు కనపడలేదని రాగి సున్నా అనుకోవద్దు, లెక్క కావాలంటే ల్యాబ్‌కి పంపాల్సిందే. చెరువులు, కాలవల్లోకి వదిలే నీళ్ళకి కేంద్రం రూల్ ప్రకారం రాగి లీటరుకి 3 మిల్లీగ్రాములు, జింకు 5 దాటకూడదు.

నీళ్ళ పులుపు ఎంతో అంకెలో చూపే పి.హెచ్. పేపర్ తప్పనిసరి, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని. పొట్టులోని లిగ్నిన్, సెల్యులోజ్ అనే పదార్థాల మీదుండే ఆమ్ల గుంపులే రాగిని పట్టుకునేది, నీళ్ళు బాగా పుల్లగా ఉంటే ఆ చోట్లన్నీ హైడ్రోజనే ఆక్రమించేసి రాగికి జాగా ఉండదు. సున్నపు తేట కొంచెం కొంచెం పోస్తూ 5 దగ్గరకి తెచ్చుకోండి. రాగి మరీ ఎక్కువుంటే మాత్రం నా సలహా, ముందు సున్నంతోనే 9 దాకా పెంచి మడ్డి దిగనిచ్చి, తేట తీసి మళ్ళీ 5కి దించి, అప్పుడు పొట్టు వాడండి, మొత్తం భారం పొట్టు మీదే వేస్తే గుట్టలు గుట్టలు కావాలి.

డోసు లీటరుకి 10 గ్రాములని తేలిందనుకోండి, 20 లీటర్ల బకెట్‌కి 200 గ్రాములు. పొట్టుని పల్చటి గుడ్డసంచిలో కట్టి ముంచితే గట్టిగా పట్టేసి మధ్యలో నీరు తిరగదు, వదులుగా వేసి కలిపి తర్వాత వడకట్టడమే మేలు.

క్రోమియం ప్లేటింగ్ నీళ్ళకి ఇదే పద్ధతి పనికిరాదు. అందులో హెక్సావలెంట్ అనే రకం క్రోమియం రుణావేశంతో ఉంటాది, రాగిదేమో ధనావేశం, అందుకే దాని లెక్కే వేరు, విషం కూడా, ఇంటి దగ్గర ముట్టుకోవద్దు.

ఇక వాడేసిన పొట్టు. లోహం మాయమవలేదు కదేటి, నీళ్ళలోంచి పొట్టులోకి మారిందంతే. అందుకని దాన్ని కొబ్బరితోటకి ఎరువుగా వెయ్యకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, పశువుల దగ్గర పడెయ్యకూడదు. పల్చటి యాసిడ్‌తో కడిగితే రాగి చాలామటుకు తిరిగొస్తాది, పొట్టు మళ్ళీ కొన్నిసార్లు పనికొస్తాది, అయితే ఆ యాసిడ్ కూడా జాగ్రత్త చెయ్యాలి. పూర్తిగా అరిగిపోయిన పొట్టునీ, సున్నం మడ్డినీ ఆరబెట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి, పైన ఏముందో, ఏ తేదీయో రాసి, కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళని అడిగి పరవాడలో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే ఏర్పాటు చేసుకోండి. నలుగురైదుగురు షెడ్డువాళ్ళు కలిస్తే లారీ ఖర్చు పంచుకోవచ్చు.