లేని ఏటికి, లేని జనానికి చరిత్ర రాయడం ఎలా

కథ కోసమో గేమ్ కోసమో ఒక ఏటి లోయ జనాన్ని కల్పించాలంటే అందరూ ముందు రాజుల పేర్లు రాసేస్తారు, నేనూ అదే చేశా, ఏడు తరాల వంశం రాసి మా మేనకోడలికి చూపిస్తే "బానే ఉంది గానీ మావయ్యా, ఈళ్ళు ఏటి తింటారు?" అంది. అంతా డిలీట్ కొట్టేసి నీళ్ళ దగ్గర్నుంచి మొదలెట్టా.

మీరూ అలాగే చెయ్యండి. మా చిక్కోలులో, అంటే శ్రీకాకుళంలో, వంశధార ఏరైనా నాగావళైనా ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి, అక్కడ గట్టిగా వాన పడితే ఇక్కడ మబ్బు తునక లేకపోయినా ఏరు పొంగిపోద్ది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానప్పుడూ అంతే, గాలి పోయిందిలే అనుకునేలోపు వంశధార వరద వచ్చిపడింది. ఇప్పుడు ఈ ఒక్కటీ మీ జనానికి పెట్టి చూడండి. పైనుంచి కబురు తెచ్చేవాడొకడు కావాలి, వాడికి పంటలో వాటా ఉండాలి, వాడు నిద్రపోయిన ఏడాది పేరు మీద ఒక తిట్టు పుట్టాలి, పిల్లకి సంబంధం చూసేటప్పుడు కట్నం కంటే ముందు ఇల్లు మెరక మీదుందా పల్లంలో ఉందా అని అడగాలి. సగం సంస్కృతి వచ్చేసింది కదా!

చరిత్ర మాత్రం పొరలు పొరలుగా వెయ్యండి. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, ఎగువన ముఖలింగంలో గంగరాజుల నాటి శివాలయాలు, ఏరు సముద్రంలో కలిసే చోట కళింగపట్నం పాత రేవు. మీ జనానికి ఆ పాతవాళ్ళెవరో సరిగ్గా తెలీకూడదు, కొండ మీద ఇటుకల గుట్టని ఏ రాక్షసి పొయ్యో అనుకోవాలి, అక్కడుంది మజా.

ఏటికి రెండు పేర్లు పెట్టండి. నాగావళినే లాంగుల్య అంటారు, లాంగలం అంటే నాగలి, బలరాముడు నాగలితో గీస్తే పుట్టిందని కథ.

పండగైతే విజయనగరం సిరిమాను చూడండి, పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను అది, ఆ మాను ముందు జాలరి వల నడుస్తుంది, అంటే ఊరేగింపులో కులవృత్తులకీ చోటుంది. అలాగని మన ఏజెన్సీ కొండల్లో ఉండే సవర గిరిజనుల ఆచారాలు ఎత్తుకొచ్చి పేరు మార్చి అతికించెయ్యకండి, వాళ్ళు బతికున్న మనుషులు.

ఆఖర్న ఒక కరువు ఏడాది రాయండి, తూము ఎవడు మూశాడు, చివరి మడికి నీళ్ళందక కర్ర పట్టుకుని ఎవడొచ్చాడు. రాజు పేరు కావాలంటే ఆ గొడవకి తీర్పు చెప్పినవాడికి పెట్టుకోండి.